దారి లేని దారిలో ఏ స్పేరు వెంట ఉండాలి?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. కొండదారులకూ అడవి బాటలకూ ఇసుక నేలలకూ సొంత బండి తీసుకుని వెళ్లేవారు ఏ విడిభాగాలు వెంట పెట్టుకోవాలన్నదే ఆ సంగతి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది 2021లో కొన్న డీజిల్ థార్. ఇప్పటికి 48 వేల కిలోమీటర్లు తిరిగింది. జులైలో నలుగురం రెండు బండ్లలో మనాలి మీదుగా లేహ్ వెళ్లాలనుకుంటున్నాం. మిత్రులొకరు పంపిన జాబితాలో క్లచ్ ప్లేటు, ఆల్టర్నేటరు మొదలుకొని 80కి పైగా వస్తువులున్నాయి. వీటిలో నిజంగా ఏవి అవసరమవుతాయి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ జాబితాను ముందుంచుకుని ఒక్కొక్క వస్తువు గురించి మూడు సంగతులు ఆలోచించండి. అది పాడైతే బండి అక్కడే ఆగిపోతుందా? దాన్ని దారిలో మీరు గాని, దగ్గరి ఊళ్లో ఉన్న మెకానిక్ గాని మార్చగలరా? ఆ ఊళ్లో అది దొరకదా? మూడింటికీ అవునన్న జవాబు వచ్చిన వస్తువు మాత్రమే మీ పెట్టెలోకి వెళ్లాలి. ఒక్కదానికి కాదన్నా దాన్ని ఇంట్లోనే వదిలేయవచ్చు, లేదా బయలుదేరక ముందే మార్పించుకోవచ్చు.

క్లచ్ ప్లేటునే తీసుకోండి. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. అది రోడ్డు పక్కన జాకీ మీద చేసే పని కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరిగినా బండి అందుకోవడం లేదంటే క్లచ్ జారుతున్నట్టే. అలాంటి బండికి ఖమ్మంలోనే క్లచ్ సెట్టు మార్పించాలి తప్ప, ప్లేటును డిక్కీలో వేసుకుని రెండు వేల కిలోమీటర్లు మోసుకుపోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆల్టర్నేటరుదీ అదే కథ. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో చూస్తే సుమారు 14 వోల్టులు రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌కు చూపించి సరిచేయించుకోండి, బరువైన కొత్త ఆల్టర్నేటరు కొని మోయవద్దు.

మీ జాబితాలో అన్నిటికంటే ముందుండవలసింది ఇంజను ముందు భాగంలో తిరిగే బెల్టు. అది తెగితే ఛార్జింగు పోతుంది. చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేది కూడా అదే కాబట్టి కొద్ది నిమిషాల్లోనే వేడి ముల్లు పైకి లేస్తుంది. ఈ బెల్టు విషయంలో నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, సర్చు దాటిన తరువాత గాటా మలుపుల్లో నా బండి బెల్టు తెగింది. కొత్త బెల్టు వెంట ఉందన్న ధీమాతో తీసి చూస్తే, పాతదానికి ఆరు గాడులుంటే కొత్తదానికి ఐదే ఉన్నాయి. పొడవు కూడా రెండంగుళాలు తక్కువే. అట్టపెట్టె మీద మోడల్ పేరు మాత్రం సరిగ్గానే ఉంది. దుకాణంలో నేను మోడల్ పేరు చెప్పి అడిగాను, వాళ్లు ఆ పేరు చూసి ఇచ్చారు, నేను విప్పి చూసుకోలేదు. ఒకే మోడల్‌లో ఏడాది మధ్యలో భాగాలు మారిపోతాయన్న సంగతి నాకు అక్కడ తెలిసివచ్చింది. ఒక లారీ డ్రైవరు దయవల్ల కబురు వెనక్కి వెళ్లి, మరుసటి రోజు మధ్యాహ్నానికి గాని సరైన బెల్టు చేతికి రాలేదు.

అప్పటినుంచి ఏ భాగం కొన్నా ఛాసిస్ నంబరు చెప్పే కొంటున్నాను. రాణిగంజ్‌లో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా ఆర్‌సీలో ఉన్న ఆ నంబరు చూపించి పార్టు నంబరు రాయించుకోండి. ఇంటికి వచ్చాక పాతదాని పక్కన పెట్టి కొలుచుకోండి. వీలైతే ఒక ఆదివారం ఆ బెల్టును మీ చేతులతోనే విప్పి బిగించి చూడండి. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనరును వెనక్కి లాగడానికి ఎంత పొడవు పిడి ఉన్న స్పానరు కావాలో, చేయి ఎటునుంచి దూరుతుందో ఆ రోజే తెలుస్తుంది. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతోందో ఫోనులో ఫొటో తీసుకోండి. తెగిపోయాక ఆ దారి ఎవరికీ గుర్తుండదు.

రెండవది రేడియేటరు పై గొట్టం, కింది గొట్టం, వాటి క్లిప్పులు. డీజిల్ టర్బో బండ్లలో, ఇంజనులోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు గొట్టం కూడా ఇబ్బంది పెడుతుంది. అది చీలినా, క్లిప్పు జారి ఊడినా బండి లాగదు, వెనుక నల్లపొగ వస్తుంది. చాలామంది ఇంజనే పోయిందని హడలిపోతారు. నాలుగు కొలతల హోస్ క్లిప్పులు, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు ఒక చుట్ట ఉంటే ఆ గొట్టాన్ని గట్టిగా చుట్టి ఊరు చేరవచ్చు. ఆ టేపును సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టాలి. వదులుగా చుడితే పట్టు నిలవదు. టేపు లేకపోతే సైకిలు ట్యూబును పొడవాటి పట్టీలుగా కోసి, బిగించి చుట్టి, పైన బైండింగ్ వైరు కట్టండి. మన లారీ డ్రైవర్లు ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చారు.

ఇక చిన్నవి. ఫ్యూజులు ప్రతి సైజులో మూడేసి ఉంచండి. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ రంగులో ఉంటాయి. కాలిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఆంపియర్లది వేయడం గాని, తీగ చుట్టడం గాని చేయవద్దు. అలా చేస్తే తరువాత కాలేది వైరింగే. రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చులు, విడిగా కొనక్కర్లేదు. చాలా బండ్లలో హారన్ రిలే, ఫ్యూయల్ పంపు రిలే ఒకే రకానివి కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి పెట్టుకోవచ్చు. మీ బండిలో అలా కుదురుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. ఇంజను ఆయిలు రెండు లీటర్లు, కూలెంటు రెండు లీటర్లు, సీలు విప్పని బ్రేక్ ఆయిలు డబ్బా ఒకటి చాలు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఇంట్లో మిగిలిన సగం డబ్బాను తీసుకుపోవద్దు.

కీలాంగ్‌లోనూ లేహ్‌లోనూ మంచి పనిమంతులైన మెకానిక్‌లు ఉన్నారు. అక్కడ చేతులకు కొరత లేదు, విడిభాగాలకే కొరత. ఎక్కువగా తిరిగే బొలెరోలు, మారుతీ కార్ల సామాన్లు దొరికినంత సులభంగా తక్కినవి దొరకవు. అందుకని మీ చేత కాకపోయినా వారి చేతయ్యే పని ఏదైతే ఉందో దానికి కావలసిన భాగం తీసుకువెళ్లడం తెలివైన పని. బెల్టు టెన్షనరు, ముందు చక్రం బేరింగు, ఇంజను తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సరు ఈ కోవలోకి వస్తాయి. సెన్సరు అరచేతిలో ఇమిడేంత చిన్నది, కాని అది పోతే ఇంజను అసలు పట్టుకోదు. మీతో వచ్చే రెండో బండి కూడా థారే అయితే, ఇంజను ఒకటేనా కాదా అని చూసుకుని, ఇద్దరికీ కలిపి ఒకే సెట్టు పెట్టుకోండి. కీలాంగ్‌కు కాస్త ముందు వచ్చే తాండి పెట్రోలు బంకు దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డును ఫొటోల్లో చూసే ఉంటారు. మీరు ఎంచుకునే ప్రతి వస్తువునూ ఆ దూరంతో తూచి చూడండి.

ప్రశ్న: నా దగ్గర కార్బురేటరు జిప్సీ ఉంది. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు మట్టిదారుల్లో తిప్పుతుంటాను. ఇప్పుడు ఒడిశా కొండల్లోకి వారం రోజుల ప్రయాణం అనుకుంటున్నాను. పాత బండికి ప్రత్యేకంగా ఏమైనా కావాలా? (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: కావాలి. ఆ బండి ఇచ్చే సుఖం ఏమిటంటే దానికి పాడయ్యే భాగాలు చాలావరకు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. మొదట క్లచ్ కేబులు, ఆక్సిలరేటరు కేబులు కొనండి. క్లచ్ కేబులును పెట్టెలో పెట్టుకోవడం కంటే మంచి పద్ధతి ఒకటుంది. ఉన్న కేబులు పక్కనే కొత్తదాన్ని అదే దారిలో నడిపించి, వేడి గొట్టాలకు తగలకుండా కట్టి, రెండు కొసలకూ గ్రీజు పూసి టేపు చుట్టి వదిలేయండి. పాతది తెగిన రోజున కొసలు మార్చి బిగించుకోవడమే మిగులుతుంది. చీకట్లో, వర్షంలో కేబులును ఇంజను వెనుక గోడ రంధ్రంలోంచి దూర్చడానికి తంటాలు పడినవారికే దీని విలువ తెలుస్తుంది. కొత్త కేబులు కూడా లేని స్థితి వస్తే, మొదటి గేరులో ఉంచి స్టార్టరుతోనే బండిని కదిలించి నెమ్మదిగా ఊరు చేరవచ్చు.

మీ జిప్సీకి నాలుగు వైపులా కమాన్ కట్టలే కదా. వాటిని కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు వెనక్కో ముందుకో జరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. సెంటర్ బోల్టులు రెండు, యూ బోల్టులు ఒక జత, వాటి నట్లు తీసుకువెళ్లండి. యూ బోల్టుల నట్లు వదులైతేనే సెంటర్ బోల్టు తెగుతుంది. కాబట్టి ప్రతి సాయంత్రం బండి ఆపాక స్పానరు పట్టుకుని కిందికి దూరి వాటిని ఒకసారి బిగించి చూడడం మేలు. ప్రొపెల్లరు షాఫ్టు క్రాస్ ఒకటి, దాని లాకులతో సహా ఉంచుకోండి. డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, ఒక సెట్టు ప్లగ్గులు, ఫ్యాను బెల్టు ఎలాగూ ఉంటాయి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో మీకు గుర్తు లేకపోతే, స్పేరుగా కొనవద్దు, బయలుదేరక ముందే మార్పించండి.

ఇంకొక చిన్న వస్తువు మరిచిపోవద్దు, ఒక బట్టల సబ్బు. రాయి తగిలి పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే, కారుతున్న చోట తుడిచి సబ్బును గట్టిగా రుద్ది పట్టించండి. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి సన్నని చీలికను కొంతసేపు మూసి ఉంచుతుంది. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో నిప్పు గాని, వేడెక్కిన సైలెన్సరు గాని ఉండకూడదు. ఇంజను చల్లారాకే చేయండి. ఆయిలు సంపుకు చిల్లు పడితే సబ్బు పనికిరాదు. అక్కడ ఎం-సీల్ వాడాలి, అదీ ఆయిలు పూర్తిగా దించి, పెట్రోలు గుడ్డతో జిడ్డు తుడిచి, గరుకు కాగితంతో రుద్దిన తరువాతే. జిడ్డు మీద పెట్టిన ఎం-సీల్ పెచ్చులా ఊడి వస్తుంది.

ప్రశ్న: నేను పెట్రోలు జిమ్నీ నడుపుతాను. అరకు, లంబసింగి, వంజంగి వంటి చోట్లకు ఒకటి రెండు రోజులే వెళ్తాం. డిక్కీలో చోటు తక్కువ, ఇద్దరు పిల్లల సామాను ఉంటుంది. కనీసం ఏముండాలి? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ప్రయాణాలకు లద్దాఖ్ జాబితా అక్కర్లేదు. పాడేరు, చింతపల్లి, అరకు వంటి ఊళ్లు దగ్గర్లోనే ఉంటాయి, విశాఖ కూడా కొన్ని గంటల దూరమే. వెనుక సీటు నిలబెట్టి ఉన్నప్పుడు మీ డిక్కీ 208 లీటర్లే కాబట్టి చెప్పుల పెట్టె రెండింతలంత డబ్బాలో పట్టేవే చెబుతాను. పంచరు కిట్టు, చిన్న గాలి పంపు, ఫ్యూజులు, ఒక లీటరు కూలెంటు, రెండు హోస్ క్లిప్పులు, టేపు, జంపర్ కేబుళ్లు, తాళంలో వేసే బటన్ బ్యాటరీ సరిపోతాయి.

వీటితో పాటు ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి, ఒక ప్లగ్గు ఉంచుకోండి. మీ ఇంజనులో ప్రతి సిలిండరుకూ విడిగా ఒక కాయిల్ ఉంటుంది. నాలుగూ ఒకటే కాబట్టి ఒక్క స్పేరు ఎక్కడైనా సరిపోతుంది. కాయిల్ పోతే ఇంజను వణుకుతుంది, ఇంజను దీపం మిణుకు మిణుకుమంటుంది. అలా మిణుకుతున్నప్పుడు దూరం నడపవద్దు. మండని పెట్రోలు సైలెన్సరులోకి పోయి, పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది, దాని ఖర్చు కాయిల్‌తో పోల్చలేనంత ఎక్కువ. కాయిల్ మార్చడం కష్టమైన పని కాదు. సర్వీసుకు ఇచ్చిన రోజు పక్కన నిలబడి ఒకసారి తీయించి, మళ్లీ మీ చేతితో పెట్టి చూడండి. డబ్బాను మాత్రం సీటు కింద గాని, పట్టీతో బిగించి గాని ఉంచండి. పిల్లలు వెనుక కూర్చునే బండిలో ఇనుప సామాను విడిగా దొర్లకూడదు.

ప్రశ్న: జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ మీదుగా కాజా వెళ్తున్నాం. బీఎస్-6 డీజిల్ బండి. అక్కడ డీజిల్ గడ్డకడుతుందని అంటున్నారు. డీఈఎఫ్ (డీజిల్ పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం) ఎంత తీసుకువెళ్లాలి? ఏ స్పేరు ముఖ్యం? (మహబూబ్‌నగర్ నుంచి)

జవాబు: మీకు అన్నిటికంటే ముఖ్యమైనది డీజిల్ ఫిల్టరు. విపరీతమైన చలిలో డీజిల్‌లోని మైనం సన్నని పలుకులుగా విడిపోతుంది, ఆ పలుకులు ముందుగా పేరుకునేది ఫిల్టరులోనే. ఇంజను పట్టుకుని, రెండు నిమిషాలు నడిచి, ఆగిపోవడం దాని లక్షణం. ఇక్కడ నింపిన మామూలు డీజిల్‌తో ట్యాంకు నిండుగా ఉంచుకుని అంత చలిలోకి వెళ్లవద్దు. సగానికి తగ్గించుకుని, పైన నింపేటప్పుడు చలికాలపు డీజిల్ ఉందా అని బంకులో అడగండి. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల వరకు పారే గుణం పోని డీజిల్‌ను లద్దాఖ్ కోసం విడుదల చేసింది. మీరు తీసుకువెళ్లే ఫిల్టరుతో పాటు దాన్ని విప్పే రెంచి కూడా మీ దగ్గరే ఉండాలి. మార్చిన తరువాత చేతి పంపు గట్టిపడేవరకు నొక్కి గాలి తీసేయాలి. చేతి పంపు లేని బండి అయితే గాలి ఎలా తీయాలో ముందే తెలుసుకోండి. ఇంజను నడుస్తుండగా, సిలిండర్లకు డీజిల్ అందించే కామన్ రెయిల్ గొట్టాల నట్లు మాత్రం వదులు చేయవద్దు. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లకు పైగా కూడా చేరుతుంది, ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

డీఈఎఫ్ సంగతి సులభం. బయలుదేరే ముందు ట్యాంకు నింపించండి, 10 లీటర్ల డబ్బా ఒకటి వెంట ఉంచండి. అది మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. బండిలో దాన్ని కరిగించే ఏర్పాటు ఉంటుంది, మీ డబ్బాకు ఉండదు కాబట్టి దాన్ని రాత్రిళ్లు గదిలో పెట్టుకోండి. హెచ్చరిక దీపం వెలిగినా పట్టించుకోకపోతే కొంత దూరం తరువాత బండి మళ్లీ స్టార్టు కాదు. పొరపాటున డీఈఎఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పవద్దు, ట్యాంకు దించి శుభ్రం చేయించేదాకా బండి కదలకూడదు.

ప్రశ్న: రెండు స్టెప్నీలు తీసుకువెళ్లడం మంచిదా? (గుంటూరు నుంచి)

జవాబు: ఒక్కటి చాలు, అది పూర్తి సైజుది, మంచి గాలి ఉన్నది అయితే. రెండో చక్రం బరువు పైకప్పు మీద పెడితే ఏటవాలులో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. దాని బదులు పంచరు తాళ్లు పదిహేను, వాల్వు పిన్నులు, పిన్ను విప్పే తాళం, మీ టైరు సైజుకు సరిపోయే ట్యూబు ఒకటి పెట్టుకోండి. టైరు పక్కగోడ కోసుకుపోతే తాడు పనిచేయదు. లోపల మందపాటి రబ్బరు ముక్క వేసి ట్యూబు ఎక్కించుకుని నిదానంగా ఊరు చేరడమే దారి. గాలి పంపు కొనేటప్పుడు బ్యాటరీ టెర్మినళ్లకు నేరుగా తగిలించేదే కొనండి. డాష్‌బోర్డు సాకెట్‌కు పెట్టేవి పెద్ద టైర్లు నింపేలోపు ఫ్యూజు కాల్చేస్తాయి.

ఇంకొక పని ఈరోజే చేయండి. టైర్ల దుకాణంలో గాలి తుపాకీతో బిగించిన వీలు నట్లను మీ బండితో వచ్చిన స్పానరుతో ఇంటి దగ్గర విప్పి చూడండి. చాలావాటికి కదలిక ఉండదు. వాటిని వదులు చేయించి చేతి స్పానరుతో తిరిగి బిగించుకోండి, పొడవాటి పిడి ఉన్న స్పానరు కొనుక్కోండి. అల్లాయ్ చక్రాలకు లాక్ నట్లు ఉంటే వాటి తాళం బండిలో ఉందో, ఇంట్లో సొరుగులో ఉందో కూడా చూసుకోండి. జాకీ కింద వేయడానికి అడుగున్నర చదరపు చెక్క ముక్క లేకపోతే మెత్తటి నేలలో జాకీ కిందికి దిగుతుంది, బండి పైకి లేవదు.

ప్రశ్న: ఒమన్‌లో ఉంటాం. సెలవురోజుల్లో వహీబా ఇసుక దిబ్బల్లోకి తెలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటాం. ఇక్కడికి ఏవి కావాలి? (మస్కట్ నుంచి)

జవాబు: ఇసుకలో టైర్ల గాలి 15 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తారు కాబట్టి పదునుగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. అందుకే మీకు వాల్వు పిన్నులు, శక్తిమంతమైన గాలి పంపు, దాని ఫ్యూజు, ఊడిన టైరు చుట్టూ బిగించే పట్టీ ముఖ్యం. ఊడిన టైరును ఎక్కించడానికి పెట్రోలు చల్లి నిప్పంటించే పద్ధతి ఎవరైనా చూపిస్తే వద్దనండి, పక్కన పిల్లలుంటారు. ఎండ వేడికి రబ్బరు గొట్టాలు, బెల్టు త్వరగా పెళుసుబారతాయి. వాటి స్పేర్లు, నాలుగు లీటర్ల కూలెంటు, ఒక ఎయిర్ ఫిల్టరు ఉంచుకోండి. తాగే నీళ్లను రేడియేటరు లెక్కలో కలపవద్దు.

ప్రశ్న: సర్వీసులో మార్చిన పాత బెల్టు, పాత గొట్టాలు పారేయాలా? (నల్గొండ నుంచి)

జవాబు: పగుళ్లు లేకుండా, అంచులు రేగకుండా ఉంటే పారేయవద్దు. కొత్తది బండికి బిగించి, పాతదాన్ని స్పేరుగా పెట్టుకోవడం నా అలవాటు. అది మీ బండికి సరిపోతుందన్న విషయంలో అనుమానానికి తావే లేదు. ఆయిలు మరక తుడిచి, మడత పెట్టకుండా వదులుగా చుట్టి, పాలిథీను సంచిలో వేసి, ఎప్పుడు విప్పారో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో టేపు మీద రాసి అంటించండి. బెల్టు లోపలి గాడుల వైపును వేలితో వంచి చూడండి. సన్నని అడ్డగీతల పగుళ్లు కనిపిస్తే మాత్రం దాన్ని ఉంచుకోకండి.